సిగరెట్టు మానడానికి మందుచీటీ

(మే 31, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు ఒంగోలులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక మందుల షాపు యజమాని చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

వేదిక మీదున్న డాక్టరుగారికి, ఎదురుగా కూర్చున్న పెద్దలకు, అమ్మలకు నమస్కారం.

నన్ను పిలిచింది మందులు అమ్మేవాణ్ణని కాదు, మందు వాడి సిగరెట్టు మానినవాణ్ణని. అయినా రెండు సంగతులూ కలిపే చెబుతాను. కౌంటరుకు ఇవతలా నిలబడ్డాను, చీటీ పట్టుకుని అవతలా నిలబడ్డాను. అవతల నిలబడ్డప్పుడు సొంత షాపులో కుర్రాడి ముందే గొంతు తగ్గించి అడిగాను, అదొక వింత.

ముందుగా ఒక మాట. మనది పొగాకు జిల్లా. ఈ హాల్లో సగం మంది చదువులు పొగాకు డబ్బుతోనే సాగి ఉంటాయి. నా చదువూ అంతే. టంగుటూరు పక్కన పల్లెలో మా నాన్నకు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉండేది. తడి ఆకు కోసి మోసిన కూలీలకు సాయంత్రానికి కడుపులో తిప్పడం, వాంతులు చిన్నప్పుడు చూశాను. ఎండదెబ్బ అనుకునేవాళ్ళం. ఆకు మీది నికోటిన్ చెమటలో కలిసి చర్మంలోంచి ఒంట్లోకి దిగితే అలా అవుతుందని ఫార్మసీ చదివేటప్పుడుగానీ తెలియలేదు. రైతు ఏం చేయాలి, వేలంలో ధర ఎంత రావాలి అన్నది వేరే సభ. ఈ రోజు తాగేవాడి సంగతి ఒక్కటే.

మా షాపుకు సిగరెట్టు మానే మందు కోసం వచ్చేవాళ్ళు ఎలా అడుగుతారో తెలుసా? పక్కవాళ్ళు వెళ్ళిందాకా ఆగుతారు. షుగరు మాత్రలు గట్టిగా అడుగుతారు, నిద్రమాత్రలు గట్టిగా అడుగుతారు. కుటుంబ నియంత్రణ సామాను అడిగేటప్పుడు కూడా ఇంత గుసగుసలాడరు. (నవ్వులు) ఎందుకంటే మనలో ఒక నమ్మకం ఉంది. మగాడన్నాక అనుకుంటే మానేయాలి, మాత్ర వేసుకుని మానడమేంటి, నామోషీ అని. బీపీకి మాత్ర వేసుకునేవాణ్ణి ఎవరూ మొండితనం లేనివాడని అనరు. సిగరెట్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం గుండె ధైర్యం మాట వస్తుంది.

గుండె ధైర్యం లెక్క చెబుతాను. ప్రపంచమంతా చేసిన పరీక్షలను ఒకచోట చేర్చి చూసే కోక్రేన్ అనే సంస్థ ఉంది. వాళ్ళు 2023లో లెక్కగట్టింది ఇది. ఏ మందూ లేకుండా మానాలని చూసిన 100 మందిలో కనీసం ఆరు నెలలు నిలబడేది సుమారు 6 మంది. వారెనిక్లిన్ అనే మాత్రతో సుమారు 14 మంది. బుప్రోపియాన్ అనే ఇంకో మాత్రతోనో, నోట్లో నమిలే నికోటిన్ గమ్ ఒక్కదానితోనో అయితే 9 దగ్గర. మిగతా 86 మంది సంగతేంటి అని మీరు అడగొచ్చు. న్యాయమే. మంత్రం కాదండీ ఇది. కానీ 6 ఎక్కడ, 14 ఎక్కడ? రెట్టింపు దాటింది కదా. ఆ ఎక్కువ వచ్చిన ఎనిమిది మందిలో మీ తమ్ముడో, మీ అల్లుడో ఉండొచ్చు.

ఇప్పుడు నేను వాడిన మాత్ర గురించి. వారెనిక్లిన్. పాత చీటీల్లో ఛాంపిక్స్ అని ఉండేది, అమెరికాలో ఛాంటిక్స్ అన్నారు. 2006లో అక్కడ అనుమతి వచ్చింది. దీని పుట్టుక చిత్రంగా ఉంటుంది. ఐరోపాలో లాబర్నం అని పసుపుపచ్చ పూలు గుత్తులుగా వేలాడే చెట్టు ఉంది. దాని గింజల్లో సైటిసిన్ అనే పదార్థం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పొగాకు దొరకని సైనికులు ఆ ఆకు చుట్టి తాగారట. తర్వాత బల్గేరియా వాళ్ళు ఆ సైటిసిన్‌తోనే 1964 నుంచి సిగరెట్టు మానే మాత్ర అమ్మారు. వారెనిక్లిన్ దాన్ని చూసి తయారు చేసిందే. మన రేల చెట్టుకూ అలాంటి పూలే కాబట్టి దాని గింజలు నమిలితే సరిపోతుందా అని మా షాపులో ఒకాయన అడిగాడు. అది వేరే చెట్టు. దయచేసి నమలకండి. ఆ లాబర్నం గింజలు కూడా ఊరికే నమిలితే విషమే.

వారెనిక్లిన్ మెదడులో చేసే పని చెబుతాను, చదువుకున్నవాళ్ళు నవ్వకూడదు. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ దానికోసం కొన్ని చోట్లుంటాయి, వాటిలో కూర్చోగానే హాయి పుట్టించే రసాయనం విడుదలవుతుంది. ఇక ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాం చూడండి, వారెనిక్లిన్ చేసేది అదే. నికోటిన్ బస్సెక్కుతుంది గానీ దానికి సీటుండదు. అంతేకాదు, తువ్వాలు వేసింది కాస్త హాయి తనే ఇస్తుంది, పూర్తిగా కాదు, సగం మేర. అందుకని మానినప్పుడు వచ్చే చిరాకు తగ్గుతుంది, మధ్యలో ఒకటి వెలిగించినా మజా రాదు.

మొదటి వారం సిగరెట్టు మానమనరు. ఇది చాలామందికి తెలియదు. మూడు రోజులు అర మిల్లీగ్రాము మాత్ర రోజుకొకటి. నాలుగో రోజు నుంచి వారం నిండేదాకా అదే అర మిల్లీగ్రాము రెండు పూటలా. ఎనిమిదో రోజు నుంచి ఒక మిల్లీగ్రాము రెండు పూటలా, మొత్తం పన్నెండు వారాలు. మానే రోజు మామూలుగా ఆ ఎనిమిదో రోజు పెట్టుకుంటారు. ఇది డాక్టరు రాయాల్సిన మందు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు మోతాదు తగ్గించాలి, ఎందుకంటే ఈ మందు చాలావరకు మారకుండా మూత్రంలోనే పోతుంది. గర్భిణులకు, పద్దెనిమిది నిండని పిల్లలకు రాయరు.

నాకు మొదటి వారం పెద్దగా ఏమీ తెలియలేదు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం షాపు వెనక నిలబడి వెలిగించాను. పొగ వస్తోంది. లోపలికి పోతోంది. ఏమీ జరగడం లేదు. ప్యాకెట్టు తిప్పి చూశాను, కొత్తదే, తేదీ బాగానే ఉంది. ఇంకోటి వెలిగించాను. అదీ అంతే. కోపం వచ్చిందండీ నిజం చెప్పాలంటే. డబ్బులు పెట్టి కొన్నది పని చేయకపోతే రాదూ? (నవ్వులు) మానాలన్న పట్టుదల వల్ల కాదు, బోరు కొట్టి పారేశాను. మాత్ర మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

దుష్ఫలితాలు. ఎక్కువమంది చెప్పేది వికారం. పరీక్షల్లో ముగ్గురిలో ఒకరికి దాకా వచ్చింది. పొద్దున్నే లేచి కాఫీతో మాత్ర మింగితే కడుపులో దేవేస్తుంది. రెండు ఇడ్లీలు తిని, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుంటే నాకు సర్దుకుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు. మాత్ర ఆపేసి ఊరుకోవద్దు.

రెండోది కలలు. ఇవి మామూలు కలలు కావు. రంగులు, వాసనలు అన్నీ ఉంటాయి. మా నాన్న పోయి చాలాకాలమైంది. ఆయన బ్యారన్ ముందు నిలబడి ఆకు ఎంత పండిందో చూడమని నన్ను తిడుతున్నాడు. ఆ వేడి గాలి మొహానికి తగిలి లేచాను. మా ఆవిడ లైటు వేసి, ఎవరితో పోట్లాడుతున్నారని అడిగింది. నాకైతే అవి భయపెట్టే కలలు కాదు, ఇంకా రెండు రోజులు వస్తే బాగుండనిపించింది. కానీ అందరికీ అలా ఉండదు. ఒక టీచరుగారు నిద్ర పట్టక బాగా ఇబ్బంది పడ్డారు. రాత్రి మాత్ర పడుకునే ముందు కాకుండా చీకటి పడకముందే ఏదైనా తిని వేసుకుంటే చాలామందికి నిద్ర కుదురుతుంది. ఆయనకూ కుదిరింది.

మూడోది చెప్పడానికి మొహమాటం. మోషన్. సిగరెట్టు లేకపోతే బాత్రూం పని కాదని మనవాళ్ళు అనేది వట్టి వంక కాదు. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, మానితే కొన్నాళ్ళు బిగుసుకుంటాయి. పైగా ఈ మాత్ర కూడా మలబద్ధకం తెస్తుంది. రెండూ కలిసి వస్తాయన్నమాట. ఈ ఒక్క కారణంతో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు నాకు తెలుసు. నీళ్ళు, బొప్పాయి, రాత్రి పూట ఇసబ్‌గుల్. రెండు మూడు వారాలు ఓపిక పడితే పేగులు అలవాటు పడతాయి.

మద్యం సంగతి. ఈ మాత్ర వాడుతూ తాగితే కొందరికి మత్తు మామూలుకన్నా ఎక్కువగా ఎక్కుతోందని 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, అదే ఎఫ్‌డీఏ, హెచ్చరించింది. ఒకాయన నాతో అన్నాడు, అయితే ఖర్చు కలిసొస్తుందిగా అని. (నవ్వులు) కలిసిరాదు బాబాయ్, బండి మీద ఇంటికెళ్ళాలి.

ఇప్పుడు ఫోనులో చూసి భయపడే విషయం. ఈ మాత్ర వేసుకుంటే పిచ్చెక్కుతుంది, ఆత్మహత్య ఆలోచనలు వస్తాయి అని. ఈ భయం గాల్లోంచి రాలేదు. 2009లో ఎఫ్‌డీఏనే ఈ మందు సమాచార పత్రంలో నల్లగీతల గడి కట్టి హెచ్చరిక వేయించింది. తర్వాత ఆ సంగతి తేల్చడానికే పెద్ద పరీక్ష పెట్టారు. 16 దేశాల్లో ఎనిమిది వేల మందికి పైగా, అందులో సగం మంది మానసిక జబ్బులున్నవాళ్ళు. 2016లో ఫలితాలు వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ఏడాది డిసెంబరులో హెచ్చరిక గడి తీసేశారు. తీసేసిన వార్త మన ఫోన్లలో తిరగదు, పెట్టిన వార్తే తిరుగుతుంది. అయినా మనసులో తేడా అనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చెప్పమనే నేనూ అంటాను. సిగరెట్టు మానడమే కొందరిని నాలుగు రోజులు దిగులు పెడుతుంది. అది మందు వల్లా, మానడం వల్లా అని మీకు మీరే తేల్చుకోకండి.

ఇంకో గొడవ 2021లో జరిగింది. ఈ మాత్రలో నైట్రోసమీన్ అనే క్యాన్సరు కారక కలుషితం ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉందని కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంది. మా షాపులో ఒకాయన ఆ వార్త చూపించి, మాత్ర వద్దని వెనక్కిచ్చి, బయట మెట్ల మీద నిలబడి సిగరెట్టు వెలిగించాడు. పొగాకు పొగలో ఆ నైట్రోసమీన్ల కుటుంబం మొత్తం కాపురముంటుంది! అదే 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వారెనిక్లిన్‌ను, బుప్రోపియాన్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నికోటిన్ గమ్ 2009 నుంచే అందులో ఉంది.

బుప్రోపియాన్ కథ మా బావమరిదిది. ఇది మొదట దిగులుకు వాడిన మందు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో లిండా ఫెర్రీ అనే డాక్టరమ్మ ఇది వాడేవాళ్ళకు సిగరెట్టు మీద ఆశ తగ్గడం గమనించి పరీక్షలు చేయించింది. 1997లో ఆ పనికే వేరే పేరుతో అనుమతి వచ్చింది. మా బావమరిదికి రిటైరయ్యాక మనసు బాగుండేది కాదు, డాక్టరు రెండూ కలిసొస్తాయని ఇదే రాశారు. రాసేముందు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, చిన్నప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని. ఫిట్స్ ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు. మా వాడికి నోరు ఎండిపోయేది, జేబులో ఎప్పుడూ సోంపు. రెండో మాత్ర రాత్రి పొద్దుపోయి వేసుకుంటే తెల్లారేదాకా కళ్ళు తెరిచే ఉండేవాడు. రెండు మాత్రలకూ మధ్య కనీసం ఎనిమిది గంటలు ఉండాలి కాబట్టి పొద్దున్నే మొదటిది వేసుకోవడం నేర్చుకున్నాడు. మాత్రను విరవకూడదు, నమలకూడదు. మందు మెల్లగా వదిలేలా చేసిన మాత్ర అది.

గమ్ గురించి రెండు ముక్కలు. రెండు మిల్లీగ్రాములది చీటీ లేకుండా దొరుకుతుంది, నాలుగుది చీటీతో. స్వీడన్ జలాంతర్గాముల్లో సిగరెట్టు వెలిగించే వీల్లేక నావికులు పొగాకు నోట్లో పెట్టుకోవడం చూసి పుట్టిన ఆలోచన అది. మనవాళ్ళు దాన్ని చూయింగ్ గమ్ నమిలినట్టు టకటకా నములుతారు, రసం మింగుతారు, ఎక్కిళ్ళు వస్తాయి, పారేస్తారు. కాస్త నమిలి, ఘాటు తగలగానే దవడకు చిగురుకు మధ్య పెట్టి ఊరుకోవాలి. ఘాటు పోయాక మళ్ళీ కాస్త. అరగంట అలా. దానికి పావుగంట ముందు నుంచీ టీ కాఫీ తాగొద్దు.

ఈ వయసువాళ్ళకు తప్పకుండా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. పొగలోని పదార్థాలు లివరును పరిగెత్తిస్తాయి, కొన్ని మందుల్నీ కాఫీనీ అది తొందరగా ఖర్చు చేసేస్తుంది. సిగరెట్టు మానగానే ఆ పరుగు తగ్గుతుంది. అంటే అదే కాఫీ రెట్టింపు కాఫీ అవుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేకపోవడం. ఇది సిగరెట్టు లేక అనుకుంటారు. కొంత కాఫీ వల్ల! నేను మూడు కప్పులు ఒకటిన్నరకు తెచ్చాను, సగం దడ పోయింది. డెరిఫిల్లిన్ లాంటి ఆయాసం మాత్రలు వాడేవాళ్ళు, మానసిక జబ్బులకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్ళు సిగరెట్టు మానే ముందే ఆ మందులు రాసిన డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

అయ్యప్ప దీక్ష సంగతి కూడా మాట్లాడుకుందాం. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు సిగరెట్టు ముట్టనివాళ్ళు మన వీధి వీధికీ ఉన్నారు. మాల తీసిన రోజు రైల్లోనే వెలిగిస్తారు. దీక్షలో మానగలిగినవాడు దీక్ష అయ్యాక ఎందుకు మానలేడు? నేను దీని గురించి చాలా ఆలోచించాను. దీక్షలో చుట్టూ ఉన్నదంతా మారిపోతుంది. లేచే వేళ, తిండి, పిలుపు, స్నేహాలు. టీకొట్టు దగ్గర నిలబడరు. మాల తీయగానే పాత వేళలు, పాత టీకొట్టు, పాత చేతులు తిరిగొస్తాయి. ఒంట్లో నికోటిన్ ఎప్పుడో పోయింది, మెదడు మాత్రం ఆ టీకొట్టును మర్చిపోలేదు. మాత్ర కోర్సు 84 రోజులు. మా పక్క వీధి కుర్రాడొకడు, నా మాట విని, మాల వేసుకునే వారం ముందు డాక్టరు చేత రాయించుకుని మొదలుపెట్టాడు. మాల తీసేటప్పటికి కోర్సు సగం దాటి కాస్త ముందుకొచ్చింది, సీటు మీద తువ్వాలు ఇంకా ఉంది. కొండ దిగాక స్నేహితులతో ఒకటి వెలిగించాడట. ఏమీ అనిపించలేదట. అతను ఇంకా తాగడం లేదు.

అందుకే బాగుందని మూడో వారంలో ఆపేసేవాళ్ళ మీద నాకు కోపం. స్ట్రిప్పు మిగిలింది వెనక్కి తీసుకుంటారా అని వస్తారు. తీసుకోనండీ! పన్నెండు వారాలూ వాడండి. పన్నెండు వారాలకు సిగరెట్టు మానేసినవాళ్ళు జారిపోకుండా ఉండాలంటే డాక్టర్లు ఇంకో పన్నెండు వారాలు కూడా ఇస్తారు.

ప్రశ్నలుంటే అడగండి. అదుగో, వెనక నుంచి.

(ఒక శ్రోత: మా ఆవిడది సోంపేట వైపు. వాళ్ళమ్మ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగుతుంది. ఆవిడకు ఈ మాత్ర ఇవ్వొచ్చా?)

అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళలో ఎక్కువ. అంగిట్లో క్యాన్సరుకు అది పెద్ద కారణమని ఎన్నో ఏళ్ళ కిందటే తేలింది. ముందు మీరు చేయాల్సింది మాత్ర కాదు, ఆవిణ్ణి పళ్ళ డాక్టరుకు చూపించి అంగిలి పరీక్ష చేయించండి. తెల్లమచ్చలో, పుండో ఉంటే అది ముందు చూడాలి. మాత్ర విషయానికొస్తే నికోటిన్ ఎలా వెళ్ళినా నికోటినే. కానీ పెద్దావిడ కాబట్టి కిడ్నీ పరీక్ష చేయించి డాక్టరే రాయాలి.

(ఇంకో శ్రోత: బరువు పెరుగుతారంటారు?)

పెరుగుతారు. ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు. నేనూ పెరిగాను, కనిపిస్తూనే ఉందిగా. (నవ్వులు) రుచి తెలుస్తుంది, చేతికి పని ఉండదు, నోట్లో ఏదో ఒకటి పడుతుంది. నడవండి. బరువుకు భయపడి సిగరెట్టు ఉంచుకోవద్దు.

(మరో శ్రోత: డాక్టరు దగ్గరకు వెళ్ళకుండా ఎవరితోనైనా మాట్లాడొచ్చా?)

సిగరెట్టు ప్యాకెట్టు మీదే నంబరు ఉంటుంది, 1800-11-2356. ప్రభుత్వం వాళ్ళది, ఉచితం. వాళ్ళు మాత్రలు పంపరు, మాట్లాడతారు, మానే రోజు పెట్టిస్తారు, తర్వాత మళ్ళీ ఫోను చేసి కనుక్కుంటారు. మందుతో పాటు అలా మాట్లాడేవాళ్ళు ఉంటే ఇంకా మంచిది.

గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళ సంగతి ఎవరో చీటీ మీద రాసి పంపారు. స్టెంటు ఉన్నవాళ్ళకు మానడం మరీ అవసరం, కానీ ఏ మాత్ర ఎంత అన్నది మందుల షాపువాడు చెప్పకూడదు. డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు. మైకు వారికిస్తున్నాను.